లైనక్స్ ల్యాప్‌టాప్‌తో పాత ఐఫోన్ జైల్‌బ్రేక్: కేబుల్ కొనడం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దాకా

ఐఫోన్ 5ఎస్ నుంచి ఐఫోన్ ఎక్స్ దాకా ఏదో ఒకటి మీ బీరువాలో మూలన పడి ఉంటే, దాన్ని జైల్‌బ్రేక్ చేయడానికి, అంటే ఆపిల్ పెట్టిన ఆంక్షలు తొలగించి మనకు నచ్చినవి వేసుకునేలా చేయడానికి, మ్యాక్ అక్కర్లేదు. ఉబుంటూనో, మింటో, డెబియనో నడిచే మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఈ పని సాఫ్ట్‌వేర్ దగ్గర చెడేది తక్కువ, కేబుల్ దగ్గరా పాస్‌కోడ్ దగ్గరా చెడేది ఎక్కువ. అందుకే ఆ రెండింటి గురించి ఇక్కడ కాస్త ఎక్కువే ఉంటుంది. బెంగళూరులో ఉన్నవాళ్ళు సామాను ఎక్కడ కొనుక్కోవచ్చో కూడా మధ్యలో చెబుతాం.

ఒక ముందుమాట: టెర్మినల్ ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఎక్కడైనా పెద్ద అక్షరం కావాలంటే అక్కడే చెబుతాం. ఈ పనికి వాడే పాలెరెయిన్, చెక్‌రెయిన్ అనే రెండు ప్రోగ్రామ్‌ల పేర్లలోనూ చివరి "రెయిన్"లో ఐ అక్షరం ఉండదు, దాని చోట 1 అంకె ఉంటుంది. "కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తే ముందు చూడాల్సింది అదే.

ఈ ఫోన్లే ఎందుకు

ఫోన్ ఆన్ అవగానే మొట్టమొదట నడిచే కోడ్ బూట్‌రామ్. అది చిప్ తయారైనప్పుడే అందులో ముద్రపడిపోతుంది, తర్వాత దాన్ని ఎవరూ మార్చలేరు. ఆ కోడ్‌లోని యూఎస్‌బీ భాగంలో ఉన్న లోపాన్ని ఆక్సియోమ్ఎక్స్ అనే మారుపేరుతో ఉన్న పరిశోధకుడు 2019 సెప్టెంబర్ 27న బయటపెట్టారు. దాని పేరు చెక్‌మేట్. ఏ5 చిప్ నుంచి ఏ11 దాకా అన్నిటిలోనూ ఈ లోపం ఉంది. ఐఓఎస్ అప్‌డేట్‌తో ఆపిల్ దీన్ని పూడ్చలేదు, ఎందుకంటే అప్‌డేట్ బూట్‌రామ్ దాకా చేరదు. ఏ12 వచ్చేసరికి చిప్‌లోనే సరిచేశారు కాబట్టి ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్, వాటి తర్వాత వచ్చిన ఫోన్లకు ఈ దారి లేదు. రెండో తరం ఎస్ఈ చూడ్డానికి ఐఫోన్ 8లా ఉన్నా లోపలిది ఏ13, దానికీ పనికిరాదు.

మీ ఫోన్‌లో ఏ చిప్ ఉందో, ఏ ఐఓఎస్ నడుస్తోందో చూసుకుంటే ఏ పనిముట్టు వాడాలో తేలిపోతుంది. 5ఎస్‌లో ఏ7. 6, 6 ప్లస్‌లో ఏ8. 6ఎస్, 6ఎస్ ప్లస్, మొదటి ఎస్ఈలో ఏ9. 7, 7 ప్లస్‌లో ఏ10. 8, 8 ప్లస్, ఎక్స్‌లో ఏ11. ఐఓఎస్ 12.0 నుంచి 14.8.1 దాకా ఉంటే చెక్‌రెయిన్ వాడండి. ఐఓఎస్ 15, ఆపైన అయితే పాలెరెయిన్. 5ఎస్, 6 రెండూ ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయాయి కాబట్టి వాటికి చెక్‌రెయినే. 6ఎస్, 7, మొదటి ఎస్ఈ అప్‌డేట్ చేసుకుంటూ వచ్చినవైతే ఐఓఎస్ 15లో ఉంటాయి. 8, ఎక్స్ అయితే 16లో. వీటికి పాలెరెయిన్. ఐదు, ఆరు, ఏడో తరం ఐప్యాడ్‌లూ ఈ కోవలోనే వస్తాయి.

ఐఫోన్ 5, 4ఎస్ లాంటి 32 బిట్ ఫోన్లది వేరే కథ. వాటికి లెగసీ ఐఓఎస్ కిట్ అనే స్క్రిప్టు లైనక్స్‌లో నడుస్తుంది, జైల్‌బ్రేక్‌తో పాటు పాత ఐఓఎస్‌కు దించడం కూడా చేస్తుంది. ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

జైల్‌బ్రేక్ చేసి నేర్చుకుందామని పాత ఫోన్ కొనేవాళ్ళు డబ్బు చేతిలో పెట్టేముందు రెండు చూడాలి. ఫోన్ రీసెట్ అయి వేరేవాళ్ళ ఆపిల్ ఐడీ అడుగుతుంటే కొనకండి. జైల్‌బ్రేక్ ఆ తాళం తీయడానికి కాదు, ఆ ఫోన్ దొంగిలించినది కూడా కావచ్చు. అమ్మేవాళ్ళు మీ ఎదురుగా ఫైండ్ మై ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయితేనే తీసుకోండి. రెండోది, ఐఎంఈఐ నంబర్. మెసేజ్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు పంపండి. బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది.

బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ పైకి లేచిన ఫోన్‌ను అసలు ముట్టుకోవద్దు. ముందు బ్యాటరీ మార్పించండి, తర్వాతే మిగతా పని.

సామాను

కేబుల్ యూఎస్‌బీ-ఏ నుంచి లైట్‌నింగ్ రకం అయి ఉండాలి. రెండు కొసలా సన్నగా ఉండే యూఎస్‌బీ-సీ లైట్‌నింగ్ కేబుల్‌తో ఛార్జింగ్ అవుతుంది, ఫొటోలు కూడా వస్తాయి, కానీ డీఎఫ్‌యూ మోడ్‌లోకి (ఐఓఎస్ మొదలవకుండా, నల్లతెరతో ఫోన్ యూఎస్‌బీ ఆదేశాల కోసం ఎదురుచూసే స్థితిలోకి) వెళ్ళేటప్పుడు మొండికేస్తుంది. బటన్లు సరిగ్గానే నొక్కుతున్నా ఫోన్ మళ్ళీ మళ్ళీ మామూలుగా బూట్ అవుతుంటే నూటికి తొంభై పాళ్ళు తప్పు ఈ కేబుల్‌దే. మీ ల్యాప్‌టాప్‌కు సీ పోర్టులే ఉంటే సీ నుంచి ఏ కు మార్చే చిన్న అడాప్టర్ పెట్టి, దానికి ఏ కేబుల్ తగిలించండి.

యూఎస్‌బీ 2.0 హబ్ ఒకటి కూడా తెచ్చుకోండి. డెస్క్‌టాప్ ఏఎండీ ప్రాసెసర్లతో చెక్‌మేట్ చాలాసార్లు విఫలమవుతుంది. మధ్యలో 2.0 హబ్ ఉంటే కొన్నిసార్లు దారికొస్తుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ అందుబాటులో ఉంటే దాంతో చేయడమే మేలు. ఈ ఒక్క పనికి పక్క గదిలోని స్నేహితుడి పాత ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నా సరే, మీ సాయంత్రం ఆదా అవుతుంది.

బెంగళూరులో ఇవన్నీ టౌన్ హాల్ దగ్గర ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. చిక్‌పేట మెట్రోలో గానీ కే.ఆర్.మార్కెట్ మెట్రోలో గానీ దిగి నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు, శనివారం వెళ్ళండి. కేబుల్ అడిగేటప్పుడు "డేటా కేబుల్" అని గట్టిగా చెప్పండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కుదిరితే ఫోన్ వెంట తీసుకెళ్ళి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, "ట్రస్ట్ దిస్ కంప్యూటర్" అని ఫోన్‌లో వస్తోందో లేదో అక్కడే చూసుకోండి.

వర్చువల్ మెషీన్‌లో ఇది నడవదు. విండోస్ లోపల లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లోనూ నడవదు. ఈ పనిలో ఫోన్ క్షణాల్లో ఒక యూఎస్‌బీ పరికరంగా మాయమై ఇంకో పరికరంగా తేలుతుంది, వర్చువల్ మెషీన్ ఆ వేగాన్ని అందుకోలేదు. మీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ లేకపోతే పాలెన్‌ఎక్స్ అనే లైవ్ ఇమేజ్ ఉంది. ఆల్పైన్ లైనక్స్ మీద కట్టిన ఈ ఇమేజ్‌లో పాలెరెయిన్ ముందే ఉంటుంది. ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీద రాసి, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయితే సరి. హార్డ్‌డిస్క్‌లో విండోస్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

లైనక్స్‌లో సిద్ధం చేసుకోవడం

ఉబుంటూ, మింట్, డెబియన్ మూడింటిలోనూ ఒకటే: ఆప్ట్‌తో యూఎస్‌బీమక్స్‌డీ (ఐఫోన్‌తో యూఎస్‌బీ మీదుగా మాట్లాడే ప్రోగ్రామ్), లిబ్ఐమొబైల్‌డివైస్-యుటిల్స్, లిబ్‌యూఎస్‌బీమక్స్‌డీ-టూల్స్ అనే మూడు ప్యాకేజీలు వేసుకోండి. ఫోన్ తగిలించి, అన్‌లాక్ చేసి, ట్రస్ట్ నొక్కి, "ఐడివైస్‌పెయిర్ పెయిర్" కొట్టండి. సక్సెస్ అని వస్తే కేబుల్ మంచిదే. తర్వాత "ఐడివైస్‌ఇన్ఫో" కొడితే ఫోన్ మోడల్, ఐఓఎస్ వెర్షన్ అన్నీ వస్తాయి. ఫోన్‌లోని సెట్టింగ్స్ చూసి చిప్ ఏదని ఊహించుకునే కన్నా ఇది నమ్మకం.

ఇప్పుడే బ్యాకప్ తీసుకోండి. ఒక ఖాళీ ఫోల్డర్ చేసి "ఐడివైస్‌బ్యాకప్2 బ్యాకప్ --ఫుల్" అని కొట్టి ఆ ఫోల్డర్ పేరు ఇవ్వండి. ఫొటోలు చాలా ఉంటే గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ మెట్టు దాటవేయొద్దు. ఏ11 ఫోన్లలో కొన్నిసార్లు ఫోన్ మొత్తం చెరిపేయాల్సి వస్తుంది, ఎందుకో కింద ఉంది.

పాలెరెయిన్‌ను దాని అధికారిక సైట్ పాలెరా.ఇన్ నుంచే తీసుకోండి. అక్కడి ఇన్‌స్టాల్ స్క్రిప్టు వరుసను కాపీ చేసి టెర్మినల్‌లో వేస్తే ప్రోగ్రామ్ దిగుతుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది, అది మీ లైనక్స్ పాస్‌వర్డ్. చెక్‌రెయిన్‌కు చెక్‌రా.ఇన్ సైట్, అందులోనూ ఐ స్థానంలో 1 ఉండదు, చూసి కొట్టండి. "కంప్యూటర్ లేకుండా ఆన్‌లైన్‌లో జైల్‌బ్రేక్" అనేవీ, డబ్బు అడిగేవీ, ముందు రెండు యాప్‌లు వేసుకోమనేవీ అన్నీ మోసాలే. ఈ రెండు పనిముట్లూ పూర్తిగా ఉచితం.

పాస్‌కోడ్ సంగతి

ఏ9, ఏ10 ఉన్న ఫోన్లకు పాలెరెయిన్‌తో పాస్‌కోడ్ గొడవ లేదు, ఉన్నా ఫర్వాలేదు. ఏ11కు, అంటే 8, 8 ప్లస్, ఎక్స్‌లకు ఉంది. రహస్యాలను కాపాడే సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే భాగం, ఫోన్ డీఎఫ్‌యూ నుంచి బూట్ అయిందని కనిపెడితే పాస్‌కోడ్‌తో తాళం వేసిన డేటాను ఇవ్వదు. ఐఓఎస్ 15లో ఉంటే పాస్‌కోడ్ ఆపేసి మొదలుపెడితే చాలు. ఐఓఎస్ 16లో అలా కాదు. చివరిసారి చెరిపేసిన తర్వాత ఒక్కసారైనా పాస్‌కోడ్ పెట్టి ఉంటే, ఇప్పుడు తీసేసినా పనికిరాదు. ఫోన్‌ను సెట్టింగ్స్‌లోంచి పూర్తిగా చెరిపేసి, కొత్తగా మొదలుపెట్టేటప్పుడు పాస్‌కోడ్ అడిగిన చోట "డోంట్ యూజ్" ఎంచుకోవాలి. తర్వాత కూడా పెట్టకూడదు.

దీనర్థం ఏ11 ఫోన్ జైల్‌బ్రేక్‌లో ఉన్నంతసేపు పాస్‌కోడ్, టచ్ ఐడీ, ఫేస్ ఐడీ ఏవీ ఉండవు. కాబట్టి అది రోజూ జేబులో తిరిగే ఫోన్‌గా ఉండకూడదు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ, ఆఫీసు మెయిల్ దాంట్లో పెట్టకండి. బ్యాంకు యాప్‌లు చాలావరకు జైల్‌బ్రేక్‌ను పసిగట్టి తెరుచుకోవు కూడా, వాటిని ఏమార్చే ట్వీక్‌ల (ఫోన్ తీరును మార్చే చిన్న ప్రోగ్రామ్‌ల) వెంటపడటం మేం సలహా ఇవ్వం. ఇంట్లో పాటలకో, ఎస్‌ఎస్‌హెచ్ (ల్యాప్‌టాప్ టెర్మినల్ నుంచి ఫోన్‌లోకి లాగిన్ అవడం) నేర్చుకోవడానికో ఉంచుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు 6ఎస్ గానీ మొదటి ఎస్ఈ గానీ మంచివి: పాస్‌కోడ్ తలనొప్పి లేదు, హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది, హోమ్ బటన్‌తో డీఎఫ్‌యూ తేలిక.

రూట్‌లెస్సా, రూట్‌ఫులా

పాలెరెయిన్‌లో రెండు రకాలు. రూట్‌లెస్‌లో సిస్టమ్ భాగాన్ని ముట్టుకోదు, కొత్త ఫైళ్ళన్నీ వార్ ఫోల్డర్‌లోని జేబీ అనే చోట ఉంటాయి. రూట్‌ఫుల్‌లో సిస్టమ్‌కు ఒక నకలు తయారుచేసి దాన్ని మార్చుకోనిస్తుంది. ఆ నకలుకు 5 నుంచి 10 జీబీ కావాలి. కొత్త ట్వీక్‌లు ఎక్కువగా రూట్‌లెస్‌కే వస్తున్నాయి. ఫలానా పాత ట్వీక్ కోసం తప్పదనుకుంటే తప్ప రూట్‌లెస్ తీసుకోండి, తీసేయడం కూడా సులువు. 16 జీబీ ఫోన్‌లో రూట్‌ఫుల్ కోసం పూర్తి నకలు పట్టదు, దానికి బైండ్‌ఎఫ్‌ఎస్ అనే తేలికపాటి పద్ధతి ఉంది.

అసలు పని

ఫోన్ ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆపేయండి.

1. ఒక టెర్మినల్ తెరిచి "సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ యూఎస్‌బీమక్స్‌డీ" కొట్టండి. వెంటనే "సుడో యూఎస్‌బీమక్స్‌డీ -ఎఫ్ -పి" కొట్టండి. ఆ కిటికీ అలాగే వదిలేయండి, మూయకండి. లైనక్స్ తనంతట తాను నడిపే యూఎస్‌బీమక్స్‌డీ ఫోన్ మాయమైనప్పుడల్లా ఆగి మళ్ళీ మొదలవుతుంది, మధ్యలో పాలెరెయిన్‌కు ఫోన్ కనబడకుండా పోతుంది. అందుకే ఈ ఏర్పాటు.

2. రెండో టెర్మినల్‌లో "సుడో పాలెరెయిన్ -ఎల్". ఆ ఎల్ రూట్‌లెస్‌కు గుర్తు. రూట్‌ఫుల్ అయితే మొదటిసారి "-సి -ఎఫ్", 16 జీబీ ఫోన్‌కు "-బి -ఎఫ్". ఇక్కడ బి పెద్ద అక్షరం. నకలు తయారవడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు, తెర మీద అక్షరాలు కదలకపోయినా కేబుల్ లాగొద్దు. అది అయ్యాక మళ్ళీ ఒకసారి "-ఎఫ్" ఒక్కటే ఇచ్చి నడపాలి.

3. ప్రోగ్రామే ఫోన్‌ను రికవరీ మోడ్‌లోకి పంపుతుంది. ఫోన్ తెర మీద కేబుల్ బొమ్మ వస్తుంది. సిద్ధంగా ఉంటే ఎంటర్ నొక్కమని టెర్మినల్ అడుగుతుంది. ముందు వేళ్ళు బటన్ల మీద పెట్టుకుని అప్పుడు ఎంటర్ నొక్కండి.

4. డీఎఫ్‌యూ. 6ఎస్, ఎస్ఈ, అంతకుముందువాటికి హోమ్, పవర్ కలిపి నొక్కాలి. 7, 7 ప్లస్‌కు, 8కి, ఎక్స్‌కు వాల్యూమ్ డౌన్, పక్క బటన్. టెర్మినల్‌లో అంకెలు లెక్క దిగుతాయి: సుమారు 4 సెకన్లు రెండూ, తర్వాత పవర్ లేదా పక్క బటన్ వదిలి, రెండోది ఇంకో 10 సెకన్లు. ఎక్కువమంది తప్పేది ఆ వదిలే క్షణంలోనే. ఫోన్‌ను బల్ల మీద పెట్టి, ఒక్కో బటన్‌కు ఒక్కో చేయి వాడండి, ఒకే చేత్తో చేయొద్దు. సరిగ్గా వెళ్తే తెర పూర్తిగా నల్లగా ఉంటుంది. కేబుల్ బొమ్మ గానీ ఆపిల్ గుర్తు గానీ కనబడితే అది డీఎఫ్‌యూ కాదు.

అనుమానం ఉంటే మూడో టెర్మినల్‌లో "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ" కొట్టి చూడండి. ఆపిల్ పరికరాలన్నీ 05ఏసీ అని మొదలవుతాయి. తర్వాత 1281 ఉంటే రికవరీ, 1227 ఉంటే డీఎఫ్‌యూ, 4141 ఉంటే పాంగో ఓఎస్, అంటే జైల్‌బ్రేక్ మధ్యలో ఫోన్‌లో నడిచే చిన్న వ్యవస్థ. ఈ మూడు అంకెలు గుర్తుంటే పని ఎక్కడ ఆగిందో మీకే తెలుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

5. ఇక మీ పని లేదు. టెర్మినల్‌లో "చెక్‌మేట్!" అని, ఆ తర్వాత పాంగో ఓఎస్ దొరికిందని, చివరికి కెర్నెల్ బూట్ అవుతోందని వరుసగా వస్తుంది. ఫోన్ మామూలుగా తెరుచుకుంటుంది.

చెక్‌రెయిన్ అయితే "సుడో"తో దాన్ని నడపగానే టెర్మినల్‌లోనే మెనూ వస్తుంది. ఆప్షన్లలో, ఐఓఎస్ 14.5 తర్వాతి వెర్షన్లకు పరీక్షించని వెర్షన్లను అనుమతించే గడి టిక్ చేయాలి. ఐఓఎస్ 14లో ఉన్న ఏ11 ఫోన్‌కు పాస్‌కోడ్ తీసేసి, బీపీఆర్ తనిఖీ దాటవేసే గడి కూడా టిక్ చేయాలి. మిగతాదంతా పైన చెప్పినట్టే.

ఎక్కడ ఆగిపోతుంది, ఏం చేయాలి

"చెక్‌మేట్!" వచ్చాక నిమిషం దాటినా ముందుకు కదలకపోతే లైట్‌నింగ్ కొసను ఫోన్ నుంచి తీసి మళ్ళీ పెట్టండి. ఏఎండీ యంత్రాల మీద ఇది తరచూ పనిచేస్తుంది. చెక్‌మేట్ కూడా రాకుండా ఆగితే పోర్టు మార్చండి, తర్వాత హబ్ మధ్యలో పెట్టండి, తర్వాత కేబుల్ మార్చండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల కుదిరిందో తెలియదు. నాలుగైదుసార్లు వరుసగా విఫలమైనా భయపడక్కర్లేదు. ఇది ఫోన్‌కు హాని చేయదు, బూట్‌రామ్‌లో రాసేది ఏమీ లేదు.

ఫోన్ రికవరీలోనే ఇరుక్కుపోతే "సుడో పాలెరెయిన్ -ఎన్" దాన్ని బయటికి తెస్తుంది. నల్లతెరతో డీఎఫ్‌యూలో ఉండిపోతే బలవంతపు రీస్టార్ట్: 6ఎస్, అంతకుముందువాటికి హోమ్, పవర్ ఆపిల్ గుర్తు వచ్చేదాకా, 7కు వాల్యూమ్ డౌన్, పక్క బటన్, 8, ఎక్స్‌లకు వాల్యూమ్ అప్ ఒకసారి నొక్కి వదిలి, డౌన్ ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్ పట్టుకోవాలి.

"ఫోన్ స్విచాఫ్ చేసి ఆన్ చేశాను, సిలియో తెరుచుకోవట్లేదు" అని చాలామంది కంగారుపడతారు. సిలియో అంటే జైల్‌బ్రేక్ ఫోన్‌లో ట్వీక్‌లు వేసుకునే యాప్. ఇది సెమీ టెథర్డ్ జైల్‌బ్రేక్. రీస్టార్ట్ అయితే ఫోన్ మామూలు ఐఫోన్‌లా పనిచేస్తుంది, జైల్‌బ్రేక్ మాత్రం నిద్రపోతుంది. మొదటి మెట్టు నుంచి మళ్ళీ చేస్తే లేస్తుంది, మీరు వేసుకున్నవి పోవు. అందుకే ఊరెళ్ళేటప్పుడు, ల్యాప్‌టాప్ వెంట లేనప్పుడు బ్యాటరీ సున్నాకు దిగనివ్వకండి.

తెరుచుకున్నాక

హోమ్ స్క్రీన్ మీద పాలెరెయిన్ యాప్ ఉంటుంది. కనబడకపోతే ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్ళీ నడపండి. ఫోన్‌ను వైఫైకి కలిపి, యాప్‌లోంచి సిలియో వేసుకోండి. టెర్మినల్ కోసం పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. 1234 లాంటిది పెట్టకండి, ఆ పాస్‌వర్డ్‌తోనే బయటి నుంచి ఫోన్‌లోకి రావచ్చు. పీజీ వైఫైలో మీతో పాటు నలభైమంది ఉంటారు, గుర్తుంచుకోండి.

సిలియో తెరవగానే అప్‌డేట్‌లు ఏమున్నా ముందు అవన్నీ వేసుకోండి, కొత్త ట్వీక్‌లు తర్వాత. ఆ తర్వాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ. లైనక్స్‌లో "ఐప్రాక్సీ 2222 22" నడిపి వదిలి, వేరే టెర్మినల్‌లో "ఎస్‌ఎస్‌హెచ్ -పి 2222 మొబైల్@లోకల్‌హోస్ట్" కొట్టండి. ఇది వైఫై మీద కాకుండా కేబుల్ మీదుగా పోతుంది, వేగమూ ఎక్కువ, భద్రమూ. లోపలికి వెళ్ళాక ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైలు) కాపీ చేసుకుని పాస్‌వర్డ్ లాగిన్ ఆపేస్తే ఇంకా మంచిది.

ట్వీక్‌లు ఒక్కొక్కటిగా వేయండి. ఒకేసారి ఆరు వేసి ఫోన్ ఆపిల్ గుర్తు దగ్గర గిరగిరా తిరిగితే ఏది కారణమో పట్టుకోలేరు. అలా జరిగితే "సుడో పాలెరెయిన్ -ఎల్ -ఎస్" అని సేఫ్ మోడ్‌లో బూట్ చేయండి, ట్వీక్‌లు లోడ్ కావు, చివరగా వేసినదాన్ని సిలియోలోంచి తీసేయొచ్చు. దొంగ ట్వీక్‌లు పంచే రెపోలను జోడించకండి. డబ్బు సంగతి అలా ఉంచితే, రూట్ అధికారంతో నడిచే కోడ్‌ను ఎవరు మార్చి పెట్టారో మీకు తెలియదు.

మొత్తం వద్దనుకుంటే "సుడో పాలెరెయిన్ --ఫోర్స్-రివర్ట్ -ఎల్" కొట్టి, మళ్ళీ డీఎఫ్‌యూ మెట్లన్నీ చేయండి. రూట్‌ఫుల్ వేసుకున్నవాళ్ళు చివర ఎల్ బదులు ఎఫ్ ఇవ్వాలి. ఫొటోలు, యాప్‌లు అలాగే ఉంటాయి, జైల్‌బ్రేక్ ఫైళ్ళు మాత్రం పోతాయి. ఫోన్ ఇంకొకరికి ఇవ్వాలంటే ఇది ముందు చేసి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయి, ఆ తర్వాతే సెట్టింగ్స్‌లో చెరిపేయండి. జైల్‌బ్రేక్ మీద ఉండగా నేరుగా చెరిపేస్తే ఫోన్ బూట్ కాకుండా ఇరుక్కునే ప్రమాదం ఉంది. అప్పుడు లైనక్స్‌లో ఐడివైస్‌రిస్టోర్ వేసుకుని ఐఓఎస్‌ను మొత్తం మళ్ళీ ఎక్కించాలి. అందులో ఆపిల్ ఇంకా సంతకం చేస్తున్న వెర్షన్‌కే వెళ్ళగలరు.